'కమ్ అప్ విత్': తలపును వెలికి తెచ్చే ఆంగ్ల క్రియలు

ఆంగ్లంలోని పెద్ద పదాలకు జడిసే విద్యార్థి అరుదు. 'ఇమాజినేషన్', 'ఇన్వెన్షన్', 'కాన్సెప్షన్' వంటి మాటలను మన తరగతులలోని వారు అర్థంతో సహా కంఠస్థం చేసి, అక్షరదోషం లేకుండా వ్రాయగలరు. వారిని చిక్కులో పెట్టేవి చిన్న మాటలు. 'కమ్' అనగా వచ్చుట, 'అప్' అనగా పైకి, 'విత్' అనగా తోడుగా. ఈ మూడింటిని ఎరుగకుండ ఇంటర్మీడియెట్ తరగతికి వచ్చే విద్యార్థి ఉండడు. అయినను 'షి కేమ్ అప్ విత్ ఎ ప్లాన్' అనే వాక్యాన్ని అనువదింపుమన్నప్పుడు, 'ఆమె ఒక పథకంతో పైకి వచ్చినది' అని వ్రాసేవారు ప్రతి సంవత్సరం కనిపిస్తారు. ఆమె మేడమెట్లు ఎక్కి వచ్చినట్లు, చేతిలో పథకమనే కాగితం పట్టుకొన్నట్లు ఆ అనువాదం ధ్వనిస్తుంది. నిజానికి ఆమె ఎక్కడికీ రాలేదు. కూర్చున్న చోటనే ఆలోచించి ఒక ఉపాయాన్ని వెలికి తెచ్చినది.

ఇట్టి క్రియలను ఆంగ్ల వ్యాకర్తలు 'ఫ్రేజల్ వెర్బ్' అంటారు. మనం పదబంధ క్రియలు అనవచ్చు. ఈ పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రచించిన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అనే గ్రంథంలో కనిపిస్తుంది. దానిని తనకు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పారు. పేరు కొత్తదే గాని కష్టం పాతది. 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్, క్రియ వెనుక చేరే ఈ చిన్న మాటల వలననే పరదేశీయులకు మిక్కిలి క్లేశం కలుగుతున్నదని గుర్తించి, వాటిని ప్రత్యేక శ్రద్ధతో సేకరించినట్లు తెలిపారు. కనుక మన విద్యార్థి తికమక అతని మందబుద్ధి వలన కలిగినది కాదు.

పదబంధ క్రియలన్నింటిని ఒక వ్యాసంలో ఇమిడ్చే సాహసం మేము చేయబోవడం లేదు. ఆలోచనను పుట్టించుట, ఊహించుట, కల్పించుట అనే అర్థం గల కొద్ది క్రియలను మాత్రమే తీసుకొంటున్నాము. వీటినే ఎన్నుకొనుటకు కారణం కలదు. ఇతర చోట్ల పొరపాటు జరిగితే ఒక మార్కు పోతుంది. ఇక్కడ జరిగితే వాక్యం మనిషి శీలాన్ని గురించి అపవాదు పలుకుతుంది. బుద్ధిమంతుడు అబద్ధీకుడవుతాడు, శ్రమించి కనుగొన్న సత్యం కట్టుకథ అవుతుంది. ఉద్యోగార్థి తన నోటితో తానే తన నివేదిక దొంగలెక్కయని చెప్పుకొన్నవాడవుతాడు. ఇది ఎట్లు జరుగుతుందో ముందు చూస్తారు.

ఈ ప్రమాదాన్ని తప్పించుకొనుటకు విద్యార్థులు సాధారణంగా పట్టే దారి ఒక్కటే: అన్ని చోట్ల 'ఇమాజిన్' అని వ్రాసివేయుట. ఇందుకు మన తెలుగే కొంత కారణం. 'ఊహించు' అనేది బహు విశాలమైన మాట. లేనిదానిని మనసులో చిత్రించుకొనుట ఊహించుటే. 'వర్షం వస్తుందని ఊహించలేదు' అన్నప్పటి అంచనా కూడ ఊహించుటే. ఉర్దూలో 'తసవ్వుర్', 'ఖయాల్', 'అందాజా' అనే మాటలు పంచుకొన్న బరువును తెలుగులో 'ఊహ' ఒంటరిగా మోస్తున్నది. ఆంగ్లంలోని 'ఇమాజిన్' ప్రధానంగా మనోచిత్రంతో ఆగిపోతుంది. 'హి ఇమాజిన్‌డ్ ఎ న్యూ పంప్' అంటే అతడు కొత్త పంపు ఒకటి ఉన్నట్లు మనసులో చూచినాడు, అంతే. అది నీరు తోడుతుందో లేదో వాక్యానికి పట్టదు. 'హి కేమ్ అప్ విత్ ఎ న్యూ పంప్' అంటే పంపు నమూనాయో, కనీసం దాని పటమో బల్ల మీదికి వచ్చినదన్నమాట. ఇంకొక చిత్రం: 'షి ఇమాజిన్‌డ్ ది ఇన్సల్ట్' అంటే ఆమెకు అవమానమే జరుగలేదు, జరిగినదని భ్రమించినది. అనగా 'ఇమాజిన్' కొన్ని వేళల వస్తువు ఉనికినే కొట్టివేస్తుంది. ఒక శాస్త్రజ్ఞుని శ్రమను గురించి వ్రాసేటప్పుడు ఇట్టి మాటను వాడుట ఎంత అన్యాయమో చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తింపవలసి ఉన్నది. పదబంధ క్రియ మనకు పరాయిది అనుకొనుటయే అసలు పొరపాటు. మన రెండు భాషలలోను ఈ యంత్రం ఉన్నది. అయితే ఆంగ్లంలో క్రియ వెనుక 'అప్', 'అవుట్', 'ఆఫ్' అనే మాట చేరితే, తెలుగు ఉర్దూలలో క్రియ వెనుక మరొక క్రియ చేరుతుంది. 'తిను' వేరు, 'తినివేయు' వేరు. 'ఖానా' వేరు, 'ఖా జానా' వేరు. రెండవ క్రియ తన సొంత అర్థాన్ని చాలవరకు వదులుకొని మొదటిదానికి పూర్తి అయిన భావాన్ని ఇస్తుంది. 'తినివేసినాడు' అన్నప్పుడు ఎవరూ దేనినీ ఎక్కడా వేయలేదు. పళ్ళెం ఖాళీ అయినది. ఆంగ్లేయుడు దీనినే 'ఈట్ అప్' అంటాడు.

ఇక ఆలోచనల విషయం. ఉర్దూలో 'సోచ్‌నా' అంటే ఆలోచించుట. 'సోచ్ నికాల్నా' అంటే ఆలోచించి ఒక ఉపాయాన్ని బయటికి తీయుట. 'నికాల్నా' అనగా వెలికి తీయుట. 'థింక్' పక్కన 'అప్' చేసే పని అక్షరాలా ఇదే. తెలుగులో 'కను' అనగా చూచుట; 'కని' తరువాత 'పెట్టు' చేరితే 'కనిపెట్టు' అవుతుంది. కొత్త యంత్రాన్ని కనిపెట్టినాడు అన్నప్పుడు అందులో చూపు ఎంత ఉన్నదో, చూచినదానిని తెచ్చి పదిమంది ముందు పెట్టుట కూడ అంత ఉన్నది. ఆంగ్లం ఊర్ధ్వదిశను ఎన్నుకొన్నది, ఉర్దూ బయటి దిశను ఎన్నుకొన్నది, తెలుగు ఎదుట పెట్టుటను ఎన్నుకొన్నది. మూడింటిలోను జరిగినది ఒక్కటే: లోపల ఉన్నది వెలుపలికి వచ్చినది. ఈ సంచికను కుడి వైపు నుండి తెరిచే ఉర్దూ విద్యార్థి, ఎడమ వైపు నుండి తెరిచే తెలుగు విద్యార్థి ఈ ఒక్క విషయంలో నడిమి పుటలలో కలుసుకొంటారని మాకు తోస్తున్నది.

'అప్' అనే మాటకు మొదటి అర్థం పైకి. 'స్టాండ్ అప్' అంటే లేచి నిలబడుట, ఇందులో సందేహం లేదు. దాని నుండి పూర్తి అగుట అనే భావం వచ్చినది: 'డ్రింక్ అప్', 'యూజ్ అప్', 'డ్రై అప్'. మరొక కొమ్మ కనబడకుండ ఉన్నది కంటబడుట: 'టర్న్ అప్', 'షో అప్', 'క్రాప్ అప్'. మన 'కమ్ అప్ విత్' ఈ మూడవ కొమ్మకు చెందినది. బావిలోనికి చేద వదిలినప్పుడు నీరు మనకు కనబడదు. త్రాడు లాగగా చేద నీటితో పైకి వస్తుంది. ఈ క్రియ ఆ బావి నుండి పుట్టినదని మేము అనడం లేదు. జ్ఞాపకం ఉంచుకొనుటకు మాత్రం ఇంతకంటె మేలైన ఉపమానం మాకు దొరకలేదు.

అయితే చేద వదలాలంటే దాహం ఉండాలి. 'కమ్ అప్ విత్' అనే క్రియకు ప్రాణం ఇక్కడనే ఉన్నది. దీని వెనుక సాధారణంగా ఒక అవసరం, ఒక ప్రశ్న, ఒక చిక్కు నిలిచి ఉంటుంది. ఎవరో అడిగినారు, లేదా పరిస్థితి అడిగినది; ఒకరు జవాబు తెచ్చినారు. అందుచేత ఈ క్రియకు కర్మలుగా వచ్చే మాటలు 'ఆన్సర్', 'సొల్యూషన్', 'ప్లాన్', 'నేమ్', 'ఎక్స్‌క్యూజ్' వంటివి. ఇందులో 'మనీ' కూడ చేరుతుందని తెలిసినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపడతారు. 'హిజ్ ఫాదర్ కుడ్ నాట్ కమ్ అప్ విత్ ది ఫీజ్' అంటే తండ్రి జీతం డబ్బు సమకూర్చలేకపోయినాడు అని అర్థం. ఉపాయాన్ని వెలికి తీయుటకు, రూపాయిని వెలికి తీయుటకు ఒకే క్రియ! గడువులోపల అవసరానికి అందింపగలుగుట రెండింటికీ సామాన్యం. ఫీజు గడువు దినం ఎట్లుంటుందో ఎరిగిన విద్యార్థికి ఈ క్రియను ఇంతకంటె వివరింప నక్కరలేదు.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పుకొందాము. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైనది. అంతకు ముందు సంవత్సరమే అనువాద సంస్థగా దారుల్ తర్జుమా ఏర్పడినది. రసాయన శాస్త్రం, వైద్యం, గణితం ఉర్దూలో బోధింపవలెనన్నప్పుడు పారిభాషిక పదాలు కావలసి వచ్చినవి. పండితులు కూర్చుండి వాటిని సిద్ధం చేసినారు. 'దే కేమ్ అప్ విత్ ఉర్దూ టర్మ్స్ ఫర్ కెమిస్ట్రీ' అనవచ్చు, ఇది మెచ్చుకోలు. 'దే ఇమాజిన్‌డ్ ఉర్దూ టర్మ్స్' అంటే ఆ పదాలు పుట్టనే లేదేమోనన్న అనుమానం వస్తుంది. 'దే మేడ్ అప్ ఉర్దూ టర్మ్స్' అంటే ఆ పదాలకు ఆధారం లేదని, ఇష్టం వచ్చినట్లు అల్లినారని ఎత్తిపొడిచినట్లు ఉంటుంది. మూడు వాక్యాలకు మూడు తీర్పులు.

ఈ క్రియల తేడాను బోధించుటకు మేము ఎంతో కాలంగా ఒక చిన్న కథను ఆధారం చేసుకొంటున్నాము. అది రొకేయా సఖావత్ హుస్సేన్ ఆంగ్లంలో వ్రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'. 1905లో మద్రాసు నుండి కమలా సత్యనాథన్ సంపాదకత్వంలో వెలువడుతూ ఉండిన 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అది అచ్చయినది. రొకేయా 1880లో, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్ ప్రాంతంలోని పైరాబంద్ గ్రామంలో జన్మించారు. ఆడపిల్లకు వంగభాష గాని ఆంగ్లం గాని నేర్పుట ఆనాడు ఆ ఇంటి ఆచారం కాదు. వంగభాష అక్క కరీమున్నీసా వద్ద, ఆంగ్లం అన్న ఇబ్రహీం సాబిర్ వద్ద నేర్చుకొన్నారు. ఇట్లు ఇంటిలో చాటుగా అబ్బిన భాషలో, భర్త పర్యటనలో ఉన్న రోజులలో, ఆమె ఈ కథ వ్రాశారు. తరువాతి కాలంలో, 1911లో, కలకత్తాలో బాలికల పాఠశాల నెలకొల్పినవారు కూడ ఆమెయే.

కథలో సుల్తానా అనే స్త్రీ పడక గదిలో వాలు కుర్చీలో కూర్చుండి భారత స్త్రీల స్థితిని గూర్చి తలపోస్తూ స్త్రీరాజ్యమొకటి చూస్తుంది. అక్కడ పురుషులు మర్దానాలో ఉంటారు. స్త్రీలు వీధులలో నిర్భయంగా తిరుగుతారు. రాణి బాలికలందరికి విద్య నేర్పించినది, ఇరువది యొక్క సంవత్సరాలు నిండనిదే వివాహం లేదని శాసించినది. రెండు స్త్రీ విశ్వవిద్యాలయాలు ఏర్పడినవి. ఒకదానివారు మేఘమండలం నుండి నీటిని గ్రహించే గొట్టాల బెలూనును నిర్మించినారు. రెండవదానివారు సూర్యుని వేడిని సేకరించి నిలువ చేయు విధానం సాధించినారు. ఆ దినాలలో పురుషులు సేనాబలాన్ని పెంచుకొనుటలో మునిగి ఉండి, ఈ పరిశోధనలన్నీ భావావేశపు పీడకలలని వెక్కిరించినారు.

ఇక మన క్రియలను ఈ కథలోనికి పంపుదాము. రచయిత్రి చేసిన పని 'రొకేయా డ్రీమ్‌డ్ అప్ లేడీలాండ్'. ఇక్కడ 'డ్రీమ్ అప్' గౌరవం గల ప్రయోగమే. లోకంలో లేనిదానిని, సాహసంగా, కొంత విచిత్రంగా ఊహించి నిర్మించుట దాని అర్థం. 'డ్రీమ్ ఆఫ్' కూడదు. అది కేవలం కలగనుట, కోరుకొనుట. అయితే ఇదే 'డ్రీమ్ అప్' ఆ సేనానుల నోట ఎట్లు పలుకుతుందో చూడండి: 'ది లేడీస్ హావ్ డ్రీమ్‌డ్ అప్ ఎ బెలూన్!' ఇప్పుడది వెక్కిరింత. పని సాగించేవారి పథకాన్ని 'డ్రీమ్‌డ్ అప్' అనడంలో, ఇది నేల విడిచినదనే సూచన ఉంటుంది. ఒకే క్రియ కళాకారుని విషయంలో ప్రశంస, కార్యకర్త విషయంలో పరిహాసం. కావున కళాశాల పాలక వర్గానికి పంపే వినతి పత్రంలో 'వి హావ్ డ్రీమ్‌డ్ అప్ ఎ స్కీమ్' అని విద్యార్థి సంఘం వారు వ్రాయరాదు. వ్రాస్తే పథకం చదువకముందే తిరస్కృతమైనట్లే.

కథ ముందుకు సాగుతుంది. పొరుగు దేశంతో యుద్ధం వచ్చినది. సైన్యం ఓడినది. రాణి విదుషీమణుల సభ పిలిచి, బాహుబలం లేకున్న బుద్ధిబలంతో దేశాన్ని కాపాడుడని కోరినది. సభలో ఒక్కొక్కరు మాటలాడుచుండగా, రెండవ విశ్వవిద్యాలయపు ప్రధానాధికారిణి మాత్రం మౌనంగా ఆలోచిస్తూ ఉండినది. చివరకు తన వద్ద ఒక ఉపాయం ఉన్నదని లేచినది. మౌనంగా ఉన్నంతసేపు ఆమె చేసినది 'థింక్'. లేచి చెప్పినప్పుడు ఆ ఆలోచనకు ఫలం చేతికి వచ్చినది. అది 'థింక్ అప్'. ఆ ఫలాన్ని సభ అవసరానికి సభ ముందు ఉంచినది; అది 'కమ్ అప్ విత్'. ఈ మూడింటి నడుమ ఉన్న గీతను ఇంత స్పష్టంగా చూపే ఘట్టం మాకు వేరే పాఠ్య గ్రంథంలో కనిపించలేదు. ఇంతకు ఉపాయమేమనగా, ఆమె తన రెండువేల మంది విద్యార్థినులతో రణభూమికి నడిచి, కూడబెట్టిన సూర్యరశ్మిని వేడిని శత్రుసేన మీదికి మళ్ళించినది. శత్రువులు వేడికి తాళలేక పారిపోయినారు. పీడకల అన్నది పనికి వచ్చినది.

ఇప్పుడు ఈ కుటుంబంలోని దుష్ట బంధువుల వద్దకు వద్దాము. మొదటిది 'మేక్ అప్'. సినిమా వలన 'మేకప్' అనే నామవాచకం ముఖానికి రంగుగా మన ఇండ్లలోనికి వచ్చినది. క్రియగా 'మేక్ అప్' అంటే లేనిదానిని కల్పించుట. పిల్లలను నిద్రపుచ్చుటకు నానమ్మ అప్పటికప్పుడు కథ అల్లినది అంటే, 'షి మేడ్ అప్ ఎ స్టోరీ'; ఇందులో దోషం లేదు. ఆలస్యంగా వచ్చిన విద్యార్థి ప్రిన్సిపాలు గారికి చెప్పిన బస్సు కథకు కూడ ఇదే క్రియ. మన 'కల్పించు' అచ్చంగా ఇట్టిదే. కవి కల్పించినది కల్పన. సాక్షి కల్పించినది అబద్ధం. కాని తెలుగు 'కల్పించు'నకు ఆంగ్లంలో లేని మూడవ ముఖం ఉన్నది: సౌకర్యాలు కల్పించుట, ఉపాధి కల్పించుట. ఇక్కడనే మన విద్యార్థి గోతిలో పడుతున్నాడు. 'సంఘం తరఫున నేను నివేదిక తయారు చేసినాను' అనే సదుద్దేశంతో ఇంటర్వ్యూలో 'ఐ మేడ్ అప్ ది రిపోర్ట్' అన్నాడనుకోండి. వినేవారికి నివేదిక మొత్తం బూటకమని అర్థమవుతుంది. 'ప్రిపేర్‌డ్' అంటే చాలు. ఉర్దూ విద్యార్థికి 'బాతేఁ బనానా' అనే మాట తెలుసు. 'మేక్ అప్' అనగానే ఆ 'బనానా'ను తలచుకొన్నచో పొరపాటు రాదు.

రెండవది 'కుక్ అప్'. ఈ క్రియ వద్ద మూడు భాషల వంటయిండ్లను పోల్చి చూచుట వినోదకరంగా ఉంటుంది. ఉర్దూలో 'ఖయాలీ పులావ్ పకానా' అంటే ఊహలోనే పులావు వండుకొనుట. తెలుగువాడు దీనిని గాలిలో మేడలు కట్టుట అంటాడు. ఈ పులావు వలన ఎవరికీ కీడు లేదు, కడుపు నిండదు, అంతే. కాని అదే ఉర్దూలో 'ఖిచ్‌డీ పక్ రహీ హై' అంటే ఎవరో చాటుగా కుట్ర పన్నుతున్నారని అర్థం. ఆంగ్లంలోని 'కుక్ అప్' పులావు కాదు, కిచిడీ. సాకు, దొంగ సాక్ష్యం, కుతంత్రం వంటివి అందులో ఉడుకుతాయి. 'ఖయాలీ పులావ్' అన్నదానిని 'హి ఈజ్ కుకింగ్ అప్ ప్లాన్స్' అని అనువదించిన విద్యార్థి, పగటి కలలు కనే అమాయకుని కుట్రదారుగా నిలబెట్టినవాడవుతాడు. తెలుగులో వార్తలు వండి వార్చుట అనే వాడుక ఉన్నది; అది 'కుక్ అప్'నకు దగ్గర చుట్టం. ఇక 'ట్రంప్ అప్' అనేది తప్పుడు నేరారోపణలకే అంకితమైనది. దానిని గుర్తించుట చాలు, వాడవలసిన అవసరం మీకు కలుగకూడదని మా కోరిక.

మిగిలిన రెండింటిని త్వరగా ముగిస్తాము. 'హిట్ అపాన్' అంటే వెదుకుచుండగా అనుకోకుండ తగులుట. జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే 1865లో బెంజీన్ అణువుకు వలయాకృతిని ప్రతిపాదించారు. పొయ్యి ముందు కునుకు పడినప్పుడు తన తోకను తానే కరచుకొన్న పాము కనిపించినదని 1890లో ఒక సభలో చెప్పారు. నిజంగా కలలో చూచినను 'కెకూలే డ్రీమ్‌డ్ అప్ ది రింగ్' అనరాదు, అది నిందగా వినిపిస్తుంది. 'హిట్ అపాన్' అనవలెను. 'కంజర్ అప్' మాంత్రికుని మాట. దీనికి కర్త తరచు మనిషి కాదు, ఒక వాసన, ఒక ధ్వని, ఒక పేరు. అత్తరు సువాసన ఈద్ ఉదయాన్ని కళ్ళకు కట్టినది అంటే, 'ది సెంట్ ఆఫ్ అత్తర్ కంజర్‌డ్ అప్ ది మార్నింగ్ ఆఫ్ ఈద్'. తెలుగులోని 'కళ్ళకు కట్టు' దీనికి సరియైన జోడు.

మాటల వరుస విషయంలో ఒక్క నియమం చాలు. కర్మ స్థానంలో 'ఇట్', 'దెమ్' వంటి సర్వనామం వచ్చినప్పుడు 'థింక్', 'మేక్', 'డ్రీమ్', 'కుక్' అనే నాలుగింటిలో అది నడుమ దూరుతుంది: 'థింక్ ఇట్ అప్', 'మేక్ ఇట్ అప్'. 'థింక్ అప్ ఇట్' అనరాదు. 'కమ్ అప్ విత్', 'హిట్ అపాన్' అనేవి మాత్రం విడిపోవు. 'కమ్ అప్ విత్ ఇట్', 'హిట్ అపాన్ ఇట్'. పలుకుటలో 'థింక్ ఇట్ అప్' అన్నప్పుడు ఒత్తు 'అప్' మీద పడుతుంది. మన విద్యార్థులు దానిని మింగివేస్తారు. మింగితే వినేవారికి 'థింక్' ఒక్కటే చేరుతుంది, చేద పైకి రాదు.

ఈ సందర్భంలో పాలక వర్గం వారికి ఒక మనవి. ద్విభాషా నిఘంటువులు పదానికి పదం ఇస్తాయి; 'మేక్ అప్' మంచిదా చెడ్డదా చెప్పవు. ఆంగ్లం నేర్చుకొనేవారి కొరకే నిర్మితమైన నిఘంటువులలో ఈ క్రియలు విడివిడిగా, ఉదాహరణ వాక్యాలతో ఉంటాయి. హార్న్‌బీ ప్రభృతులు జపాను విద్యార్థుల కష్టాన్ని చూచి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయి, 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా లోకమంతట వ్యాపించినది. దాని నూతన ముద్రణ ప్రతులు గ్రంథాలయపు అలమారలో కాక, చదువుకొనే బల్లల మీద, విద్యార్థినుల పఠన మందిరంలో కూడ, చేతికందే చోట ఉండవలెను.

చివరకు అనువాదానికి ఒక్క వాక్యం తీసుకొందాము. 'నాకు అప్పుడు ఒక ఉపాయం తట్టినది.' ఉర్దూలో, 'ముఝే ఏక్ తర్‌కీబ్ సూఝీ.' ఈ రెండింటిలోను ఉపాయమే కర్త. అది ఎక్కడి నుండియో వచ్చి మన తలుపు తట్టినది. మనం తలుపు తీసినవారము మాత్రమే. ఆంగ్లంలోను ఇట్టి వాక్యం కలదు: 'ఎన్ ఐడియా స్ట్రక్ మి.' ఇది తప్పు కాదు, అందమైనది కూడ. మన రెండు సంస్కృతులలోను వినయం ఈ వాక్యాన్నే ఇష్టపడుతుంది. కాని 'ఐ కేమ్ అప్ విత్ ఎన్ ఐడియా' అన్నప్పుడు కర్త మారినది. ఉర్దూలో 'మైఁ నే తర్‌కీబ్ నికాలీ' అన్నట్లు, శ్రమ ఎవరిదో వాక్యం చెబుతున్నది. మన విద్యార్థులు, అందులో విద్యార్థినులు మరింతగా, సామూహిక కార్యాన్ని గూర్చి వ్రాసేటప్పుడు తాము చేసినదానిని సైతం 'ఒక ఆలోచన వచ్చినది', 'ఒక పథకం తయారైనది' అని వ్రాస్తారు. ఎవరికి వచ్చినది, ఎవరు తయారు చేసినారు అనేది వాక్యంలో ఉండదు. తల్లిదండ్రులకు వ్రాసే లేఖలో అట్లే వ్రాయండి. ఉద్యోగ దరఖాస్తులో, ప్రాజెక్టు నివేదికలో, ఆ పని నిజంగా మీదే అయినచో, 'ఐ కేమ్ అప్ విత్' అని వ్రాయండి. ఆ పని మీ తోటి విద్యార్థినిది అయినచో, ఆమె పేరును వాక్యం మొదట పెట్టి, దాని పక్కన 'కేమ్ అప్ విత్' అని వ్రాయండి.